కోటభాష, గ్రంథభాష: జోంగ్‌ఖా, స్లొవీన్ భాషల చరిత్రపై ఒక తులనాత్మక పరిశీలనము

భాషలను పోల్చిచూచుటకు రెండు మార్గములు కలవు. ఒకే మూలము నుండి పుట్టిన భాషలను ప్రక్కప్రక్కన నుంచి, వాని ధ్వనులను, ధాతువులను, ప్రత్యయములను సరిచూచి, మూలభాషా స్వరూపమును నిర్ణయించుట మొదటి మార్గము. ద్రావిడభాషల విషయమున మనకు చిరపరిచితమైన మార్గ మిదియే. పరస్పర సంబంధము లేని భాషలను గైకొని, ఒకే విధమైన చారిత్రకావసరము కలిగినపుడు అవి యెట్లు ప్రవర్తించినవో పరిశీలించుట రెండవ మార్గము. ఈ వ్యాసమున మేము అవలంబించినది రెండవ మార్గము. ఇందు గ్రహించిన భాషలు రెండు: హిమాలయ ప్రాంతమునందలి భూటాను దేశపు జాతీయభాష యగు జోంగ్‌ఖా, యూరపు ఖండమున ఆల్ప్సు పర్వతముల తూర్పు పాదమునుండి ఆడ్రియాటిక్ సముద్రతీరము వరకు వ్యాపించిన స్లొవీన్.

ఈ రెండును చిన్న భాషలు. స్లొవీనియా దేశ జనసంఖ్య సుమారు ఇరువదియొక్క లక్షలు. భూటాను జనసంఖ్య ఏడు లక్షలకు కొంచెము పైబడును. అందును జోంగ్‌ఖా మాతృభాషగా గల వారు పశ్చిమ భూటానునందలి ఎనిమిది జిల్లాలవారు మాత్రమే. రెండును పెద్ద భాషల నీడలో పెరిగినవి: స్లొవీనునకు జర్మను, జోంగ్‌ఖాకు సాహిత్య టిబెటను. రెండును నేడు స్వతంత్ర దేశములకు రాజ్యభాషలు. అయితే ఈ పదవిని అవి చేరిన త్రోవలు పరస్పర విరుద్ధములు. స్లొవీనునకు గ్రంథము ముందు, రాజ్యము వెనుక. జోంగ్‌ఖాకు రాజ్యము ముందు, గ్రంథము వెనుక. ఈ క్రమభేదము ఆ భాషల జీవితములను ఎట్లు దిద్దినదో చూపుటయే ఈ వ్యాసమునకు ఉద్దేశము.

జాతి, లిపి

స్లొవీన్ ఇండో-యూరోపియను కుటుంబమున స్లావు శాఖకు చెందినది. జోంగ్‌ఖా టిబెటో-బర్మను కుటుంబమున టిబెటను శాఖకు చెందినది. ఈ రెంటికిని జన్యసంబంధ మేమియు లేదు. కాని భారతీయ విద్యార్థి రెంటియందును తనకు తెలిసిన దేదియో కనుగొనగలడు. స్లొవీన్ సంఖ్యావాచకములైన ‘ద్వా, త్రి, ష్తిరి, పేత్’ అనువానిని వినినంతనే సంస్కృతపు ‘ద్వి, త్రి, చతుర్, పంచ’ స్ఫురించును. జోంగ్‌ఖా పదజాలమున ఇట్టి చుట్టరికము కనబడదు. కాని దాని అక్షరమాలను తెరచిన క–ఖ–గ–ఙ, చ–ఛ–జ–ఞ, త–థ–ద–న, ప–ఫ–బ–మ యని మన వర్ణక్రమమే ప్రత్యక్షమగును. ఆ లిపి బ్రాహ్మీసంతతిలోనిది. క్రీ.శ. 7వ శతాబ్దమున థోన్మి సంభోటుడు భారతీయ లిపిని ఆదర్శముగా గైకొని దానిని కల్పించెనని టిబెటను సంప్రదాయము. ఒక భాషతో మన సంస్కృతమునకు రక్తసంబంధము, వేరొకదానితో అక్షరసంబంధము కలవనవచ్చును.

ఆ అక్షరసంబంధము ఆంధ్రదేశము వరకును వచ్చుచున్నది. ఆచార్య నాగార్జునుడు శాతవాహన ప్రభువునకు లేఖారూపమున వ్రాసెనని చెప్పబడు ‘సుహృల్లేఖ’ యొక్క సంస్కృతమూలము నశించినది. అది టిబెటను, చీనా అనువాదములయందు నిలిచినది. భూటాను విహారములలో ఆ లిపిని నేర్చిన భిక్షువు మనము పోగొట్టుకొనిన గ్రంథమును చదువగలడు.

వ్యాకరణమున రెండు విశేషములు

చరిత్రలోనికి పోవుటకు ముందు ఈ భాషల స్వభావమును తెలుపు రెండు విశేషములను చెప్పుట యుక్తము.

సంస్కృతము నేర్చినవారికి ద్వివచనము తెలియును. యూరపునందలి పెక్కు భాషలు దానిని విడిచిపెట్టగా, స్లొవీన్ నేటికిని నిలుపుకొనినది. ‘మేమిద్దరము పని చేయుచున్నాము’ అనుటకు ‘దేలవ’ యనియు, ‘మేమందరము పని చేయుచున్నాము’ అనుటకు ‘దేలమొ’ యనియు వేర్వేరు క్రియారూపములు కలవు. ఇది పండితులు కాపాడిన శిథిలావశేషము కాదు. ఇంట భార్యాభర్తలును, వీథిలో ఇద్దరు బాలురును దినదినము వాడు రూపము.

జోంగ్‌ఖాలో విశేషము వేరు. అందు ‘అగు’ అను నర్థమునిచ్చు క్రియకు ‘ఇంగ్’ అనియు, ‘ఇమ్మె’ అనియు రెండు రూపములు కలవు. వక్త తన మనస్సున చిరకాలముగా నెలకొనిన విషయమును చెప్పునపుడు మొదటిది, ఇప్పుడే క్రొత్తగా తెలిసికొనిన దానిని చెప్పునపుడు రెండవది ప్రయోగింపవలెను. తన కుమారుని చూపి ‘ఇతడు నా కుమారుడు’ అనుటకు ‘ఇంగ్’ తగును. అపరిచితు డొకడు వైద్యుడని అప్పుడే తెలిసినచో ‘ఇమ్మె’ తగును. మన ‘అట’ పరులవలన వినినదానిని తెలుపును. జోంగ్‌ఖా భేదము అట్టిది కాదు. అది జ్ఞానము పాతదా, క్రొత్తదా యను విచారణ. రాజ్యముచే నెన్నడును ఆజ్ఞాపింపబడక, ఏ గ్రంథమునందును నిర్దేశింపబడక, కేవలము జనుల నోట నిలిచిన సూక్ష్మత యిది. వ్రాత లేని భాష మోటు భాష యను భ్రమను తొలగించుట కిది యొక్కటియే చాలును.

స్లొవీన్: గ్రంథమునుండి రాజ్యమునకు

స్లొవీన్ భాషలో లభించిన ప్రాచీనతమ లేఖనములు ఫ్రైజింగ్ పత్రములు. క్రీ.శ. 10వ శతాబ్దాంతమునకును, 11వ శతాబ్దారంభమునకును చెందిన ఈ మూడు క్రైస్తవ మత పాఠములు ఒక లాటిను సంపుటమున చేరియున్నవి. రోమను లిపిలో వ్రాయబడిన స్లావు భాషా లేఖనములలో ఇవియే మొదటివి. అవి నేడు మ్యూనిక్ నగరమున బవేరియా రాజ్య గ్రంథాలయమున నున్నవి. కాని వాని తరువాత పెక్కు శతాబ్దముల పర్యంతము ఈ భాషలో వ్రాత మిక్కిలి విరళము. ప్రభువులు, న్యాయాధిపతులు, వర్తకులు జర్మను వాడిరి. మతగురువులు లాటిను వాడిరి. స్లొవీన్ రైతుల భాషగా మిగిలెను.

ఈ స్థితిని మార్చినవాడు ప్రిమోజ్ ట్రుబార్ (1508–1586). మతసంస్కరణోద్యమమున చేరి స్వదేశమును విడువవలసివచ్చిన ఈ బోధకుడు 1550లో జర్మనీలోని ట్యూబింగెన్ నగరమున రెండు చిన్న పుస్తకములను ముద్రింపించెను. ఒకటి ప్రశ్నోత్తర రూపమైన మతబోధ, రెండవది అక్షరాభ్యాస పుస్తకము. ఇవియే స్లొవీన్ భాషలో అచ్చుపడిన తొలి గ్రంథములు. మతబోధతోపాటు అక్షరమాలను గూడ ముద్రింపవలసివచ్చుట గమనింపదగినది. చదువువారు లేని భాషలో పుస్తకము వ్రాయువాడు తన పాఠకులను తానే తయారుచేసికొనవలెను. పండ్రెండవ వంతు వ్యవహారమునకైన రాజ్యాశ్రయము లేని ఆ భాషకు ట్రుబార్ మొదట ఇచ్చినది పాఠకుని.

1584వ సంవత్సరము ఈ చరిత్రలో ముఖ్యమైనది. ఆ యేట విట్టెన్‌బర్గ్ నగరమున యూరీ దల్మాతిన్ అనువదించిన సంపూర్ణ బైబిలును, ఆదమ్ బొహోరిచ్ లాటినులో రచించిన తొలి స్లొవీన్ వ్యాకరణమును వెలువడినవి. బైబిలు సుమారు 1500 ప్రతులు అచ్చుపడెను. అటుపిమ్మట కథోలిక ప్రతిసంస్కరణము వచ్చెను. లుబ్లియానా పీఠాధిపతి తొమాజ్ హ్రేన్ ప్రొటెస్టెంటు పుస్తకములను కాల్పించెను. కాని దల్మాతిన్ బైబిలును మాత్రము కథోలిక గురువులు అనుమతి గైకొని వాడుచుండిరి. ఏలయన ప్రజలకు వారి భాషలో బోధింపవలెనన్న వేరొక గ్రంథము లేదు. మతవిరోధి వ్రాతయైనను భాషావశ్యకత దానిని అగ్నినుండి కాపాడెను.

18వ శతాబ్దాంతమున భాషకు పత్రికయు, పాఠశాలయు లభించెను. వలెంతిన్ వోద్నిక్ 1797లో తొలి స్లొవీన్ వార్తాపత్రికను స్థాపించెను. నెపోలియను కాలమున ఫ్రెంచివారు ఈ ప్రాంతము నాక్రమించి ఇలిరియా రాష్ట్రములుగా పాలించినపుడు (1809–1813) పాఠశాలలలో స్థానిక భాషకు కొంత చోటు కలిగెను. దాదాపు అదే సమయమున యెర్నేయ్ కొపితార్ రచించిన వ్యాకరణము వెలువడెను. ఒక్కొక్క ధ్వనికి ఒక్కొక్క అక్షర ముండవలెనన్నది కొపితార్ సిద్ధాంతము. ఆ సిద్ధాంతమునుండి 1830ల దశకమున ‘అక్షరయుద్ధము’ అను పేర ప్రసిద్ధమైన వివాదము పుట్టెను. దైన్కో యొక లిపిని, మెతెల్కో వేరొక లిపిని కల్పించిరి. కవి ఫ్రాన్త్సె ప్రెషేరెన్, ఆయన మిత్రుడు మతియా చోప్ ఈ క్రొత్త లిపులను ఎదిరించిరి. 1833లో మెతెల్కో లిపిని పాఠశాలలలో నిషేధించిరి. దైన్కో లిపికిని కొలది యేండ్లలో అదే గతి పట్టెను. తుదకు క్రొయేషియా పండితుడు ల్యుదెవిత్ గాయ్ సవరించిన రోమను లిపి 1840ల దశకమున నిలద్రొక్కుకొని నేటికిని చెల్లుచున్నది.

అక్షరయుద్ధముకంటె గంభీరమైన ప్రశ్న ఆ వెంటనే వచ్చెను. దక్షిణ స్లావులందరికిని ఒకే సాహిత్యభాష చాలునని ఇలిరియా ఉద్యమమువారు వాదించిరి. స్లొవీన్ కవి యగు స్తాంకొ వ్రాజ్ తన భాషను విడిచి వారితో చేరెను. ప్రెషేరెన్ చేరలేదు. ఆయన కవితాసంపుటము 1847వ సంవత్సరపు ముద్రతో వెలువడెను. ఇటలీ ఛందోరీతులలో ఆయన రచించిన సానెట్లు, రైతుల భాషగా నెంచబడిన దానిలో ఎట్టి భావమునైనను చెప్పవచ్చునని నిరూపించెను. వాదముచే గెలువని విషయమును కావ్యముచే గెలిచిరని చెప్పవచ్చును. స్లొవీనియాలో ప్రెషేరెన్ వర్ధంతి యగు ఫిబ్రవరి 8 నేడు జాతీయ సెలవుదినము. ఆయన కవితలోని ఒక చరణమే జాతీయగీతము.

రాజకీయ వాంఛ దీని తరువాతనే పుట్టెను. వేర్వేరు రాష్ట్రములలో చీలియున్న స్లొవీనులందరిని ఏకము చేసి, వారి భాషను పాఠశాలలలోను, కార్యాలయములలోను నెలకొల్పవలెనను ‘ఐక్య స్లొవీనియా’ ప్రణాళిక 1848లో వెలువడెను. విశ్వవిద్యాలయము 1919లో లుబ్లియానాలో స్థాపితమయ్యెను. 1941లో జర్మనీ, ఇటలీ, హంగేరీ ఈ దేశమును పంచుకొనగా, జర్మనుల పాలనలోని ప్రాంతములలో స్లొవీన్ భాషను పాఠశాలలనుండి తొలగించి, ఉపాధ్యాయులను దేశమునుండి వెడలగొట్టిరి. యుద్ధానంతరము యుగోస్లావియాలో ఒక గణరాజ్యముగా నున్న కాలమునను సైన్యపు భాష సెర్బో-క్రొయేషియనుగా నుండెను. 1988లో లుబ్లియానా నగరముననే, స్లొవీనుల నడుమనే, నలుగురు పౌరులపై సైనిక న్యాయస్థానము జరిపిన విచారణ ఆ భాషలోనే సాగెను. తమ రాజధానిలో తమ భాషకు న్యాయస్థానమున చోటు లేకుండుట జనులను మిక్కిలి కలతపెట్టెను. మూడేండ్లకు, 1991 జూన్ 25వ తేదీన, స్లొవీనియా స్వాతంత్ర్యమును ప్రకటించెను. 2004లో యూరోపియను యూనియనులో చేరగా ట్రుబార్ భాష ఆ యూనియను అధికారభాషలలో నొకటి యయ్యెను. తొలి అచ్చు పుస్తకమునకును స్వతంత్ర రాజ్యమునకును నడుమ గడచిన కాలము 441 సంవత్సరములు.

జోంగ్‌ఖా: రాజ్యమునుండి గ్రంథమునకు

ఇపుడు హిమాలయములకు పోవుదము. ‘జోంగ్’ అనగా కోట, ‘ఖా’ అనగా నోరు, భాష. జోంగ్‌ఖా యనగా కోటభాష. ఈ పేరే దాని చరిత్రను సంగ్రహముగా చెప్పుచున్నది.

టిబెటునందలి రాలుంగ్ మఠమునుండి 1616లో భూటానునకు వచ్చిన షబ్‌ద్రుంగ్ ఙవాంగ్ నంగ్యెల్ (1594–1651) వేర్వేరు లోయలను జయించి ఒక్క రాజ్యముగా చేసెను. ఆయన 1629లో సిమ్‌తోఖా యందును, 1637లో పునాఖా యందును కోటలను కట్టించెను. భూటాను కోట కేవలము యుద్ధదుర్గము కాదు. ఒక ప్రక్క భిక్షువుల విహారము, వేరొక ప్రక్క అధికారుల కచ్చేరి, మధ్య ధాన్యాగారము. కప్పములు అచటనే చెల్లును, వ్యాజ్యములు అచటనే తీరును. వేర్వేరు లోయలనుండి వచ్చినవారు అచట మాటలాడుకొనుటకు పశ్చిమ భూటాను వాడుకభాషయే ఆధారమయ్యెను. ఇట్లు కోటలలో మాటలాడబడు భాష కోటభాష యయ్యెను.

అయితే కోటలో మాట ఒకటి, వ్రాత వేరొకటి. శాసనములు, చరిత్రలు, పూజావిధులు అన్నియు ‘చోకే’ అనబడు సాహిత్య టిబెటనులోనే వ్రాయబడెను. చోకే యనగా ధర్మభాష. 1729 నాటి న్యాయస్మృతియు ధర్మభాషలోనే కలదు. అధికారి జోంగ్‌ఖాలో విచారించి తీర్పును చోకేలో వ్రాయును. రాజ్యము తన నోటిని ఒక భాషకును, తన చేతిని వేరొక భాషకును అప్పగించెను. 1907లో ఉగ్యెన్ వాంగ్‌చుక్ రాజుగా ఎన్నుకొనబడి వంశపారంపర్య రాజరికము స్థాపితమైన పిమ్మటను ఈ యేర్పాటు మారలేదు.

మార్పు వచ్చినది మూడవ రాజు జిగ్మె దోర్జి వాంగ్‌చుక్ కాలమున (1952–1972). 1961లో మొదటి పంచవర్ష ప్రణాళిక ఆరంభమయ్యెను. ఆ యేటనే సిమ్‌తోఖాలో దేశీయ విద్యలకై పాఠశాల నెలకొల్పబడెను. ఈ ప్రభువు పాలనలోనే జోంగ్‌ఖా జాతీయభాషగా నిర్ణయింపబడెను. కాని ఆధునిక పాఠశాలలలో బోధన మొదట హిందీలో నడచి, 1960ల దశకమున ఇంగ్లీషునకు మారెను. వీనికి కావలసిన పాఠ్యపుస్తకములు ఆ రెండు భాషలలో సిద్ధముగా నుండెను. జోంగ్‌ఖాలో లేవు. ట్రుబార్ 1550లో ఎదుర్కొనిన కొరతయే ఇచట నాలుగు శతాబ్దముల తరువాత కనబడినది. భేద మొక్కటి: ట్రుబారునకు రాజ్యము లేదు, ఇచట రాజ్యమే స్వయముగా పాఠకుని వెదకవలసివచ్చెను.

రెండవ చిక్కు వ్రాతకును పలుకునకును గల దూరము. టిబెటను వర్ణవిన్యాసము వేయి సంవత్సరములకు పూర్వపు ఉచ్చారణమును ప్రతిబింబించును. ‘ఎనిమిది’ అను పదమును వ్రాయునపుడు బ, ర, గ, య, ద అను ఐదు హల్లులు వ్రాయవలెను. పలుకునపుడు వినబడునది ‘గె’ యను ఒక్క అక్షరము. ‘జోంగ్’ అను పదమునకు సయితము తలపై పలుకని రకార మున్నది. కొపితార్ సిద్ధాంతమును ఇచట అమలుచేసినచో ఈ హల్లులన్నియు రాలిపోవును. కాని వానితోపాటు ధర్మగ్రంథములతో గల సంబంధమును తెగిపోవును. భూటాను పండితులు పాత వర్ణవిన్యాసమునే చాలవరకు నిలుపుకొని, వాడుకభాష ప్రత్యయములకును పదములకును అందు చోటు కల్పించుటకు పూనుకొనిరి. భాషాభివృద్ధికై 1980ల దశకమున ప్రత్యేక సంస్థ యేర్పడెను. ఆ సంస్థ పక్షమున డచ్చి భాషాశాస్త్రజ్ఞుడు జార్జ్ వాన్ డ్రీమ్ రచించిన వ్యాకరణము 1992లో వెలువడెను. ఉచ్చారణమునకు సరిపోవు రోమను లేఖన పద్ధతిని గూడ ఆయన యేర్పరచెను. ప్రభుత్వము దానిని 1991లో అంగీకరించినను, జనుల వ్రాత పాత లిపిలోనే సాగుచున్నది.

2008 నాటి రాజ్యాంగము జోంగ్‌ఖాను జాతీయభాషగా ప్రకటించెను. ఆ రాజ్యాంగమునకే జోంగ్‌ఖా, ఇంగ్లీషు పాఠములు రెండు కలవు. వానియందు అర్థభేదము వచ్చినచో రెండును సమానప్రమాణములేయనియు, న్యాయస్థానములు వానిని సమన్వయింపవలెననియు అందే విధింపబడినది. భూటానులో నేటి బాలుడు జోంగ్‌ఖాను ఒక పాఠ్యవిషయముగా నేర్చును. గణితమును, విజ్ఞానశాస్త్రమును ఇంగ్లీషులో నేర్చును. కోటలో చోకే కూర్చుండిన పీఠముపై నేడు ఇంగ్లీషు కూర్చున్నదని చెప్పుట అతిశయోక్తి కానేరదు.

పోలికవలన తేలునది

పై చరిత్రలను దగ్గరకు చేర్చినచో ఒక విషయము స్పష్టమగును. ఏ భాషకు ఏది ముందు లభించెనో, దాని లేమి ఆ భాషను బాధింపలేదు. ఏది వెనుక లభించెనో, దాని లేమియే చిరకాలము పీడించెను. స్లొవీనునకు పాఠకులు, కవులు, వ్యాకరణము ముందుగా కలిగినవి. కావున అది నాలుగు శతాబ్దములు కచ్చేరి లేక, న్యాయస్థానము లేక బాధపడినను, రాజ్యము వచ్చిననాడు చేయవలసిన పనికి సిద్ధముగా నుండెను. జోంగ్‌ఖాకు కచ్చేరి, కోట, రాజముద్ర ముందుగా కలిగినవి. కావున దాని గౌరవమును ఎవ్వరును శంకింపలేదు. కాని ఆ గౌరవమునకు తగిన పుస్తకములను ఇపుడు వ్రాయవలసియున్నది. రాజాజ్ఞ భాషకు పదవి నీయగలదు, పాఠకుని ఈయలేదు. కావ్యము పాఠకుని ఈయగలదు, పదవి నీయలేదు.

వేరొక విషయమును గూడ విస్మరింపరాదు. తన హక్కునకై పోరాడిన భాష అధికారమునకు వచ్చిన పిమ్మట ఇతర భాషలను ఎట్లు చూచుచున్నది? స్లొవీనియా రాజ్యాంగము ఇటాలియను, హంగేరియను ప్రజలున్న ప్రాంతములలో వారి భాషలకును అధికారస్థానము నిచ్చెను. ఇది మెచ్చదగినది. ఏలయన 1920 నాటి జనవాక్య సేకరణమువలన ఆస్ట్రియాలో నిలిచిపోయిన కరింథియా స్లొవీనులకు 1955 సంధియందు హక్కులు వ్రాయబడినను, 1972లో వారి గ్రామములలో నిలిపిన ద్విభాషా నామఫలకములను కొందరు పెకలించివైచిరి. అట్టి బాధ యెరిగిన జాతికి అన్యభాషలవారి బాధ తెలియవలెను. భూటానులో సుమారు పందొమ్మిది భాషలు కలవు. తూర్పున త్షంగ్లా, దక్షిణమున నేపాలీ జనబాహుళ్యము గల భాషలు. 1989లో దక్షిణ ప్రాంత పాఠశాలలలో నేపాలీ బోధన నిలిపివేయబడెను. పౌరసత్వ విషయకములైన చట్టములును, ఈ చర్యయు కలిసి కలహమును పెంచగా, 1990ల దశకమున లక్షకు మించిన నేపాలీ భాషీయులు నేపాలులోని శరణార్థి శిబిరములకు చేరిరి. 2007 పిమ్మట వారిలో అధికసంఖ్యాకులు అమెరికా మొదలైన దూరదేశములలో స్థిరపడిరి. ఒక చిన్న భాషను కాపాడుటకు కట్టిన కోట వేరొక భాషవారికి మూసిన తలుపు కాగలదని ఈ ఘట్టము తెలుపుచున్నది.

మనదేశమున భాషారాష్ట్రముల చరిత్రను, గ్రాంథిక వ్యావహారిక వివాదమును ఎరిగిన తెలుగు పాఠకునకు ఇవి దూరపు కథలుగా తోచవు. భాషకు గ్రంథము, రాజ్యము, పాఠశాల అను మూడును కావలెను. ఏది ముందు వచ్చినను మిగిలిన వానిని సమకూర్చుకొను భారము ఆ భాషను మాటలాడు వారిపై నుండును. ట్యూబింగెన్‌లో అచ్చుపడిన అక్షరమాల యొకటి, సిమ్‌తోఖా కోటలో తెరచిన పాఠశాల యొకటి. ఈ రెండును ఒకే పనికి చేసిన ఆరంభములు. మొదటి దాని ఫలమును చరిత్ర చూపినది. రెండవదాని ఫలమును భూటాను బాలుడు తన భాషలో స్వేచ్ఛగా చదువుకొను పుస్తకములు చూపవలెను.